తెగని లెక్క

యాసంగి వడ్లు. మిర్యాలగూడ, వేములపల్లి రోడ్డు.
మిల్లు గేటు నుంచి పెట్రోలు బంకు దాకా బండ్లు.
రాత్రి రెండున్నరకు కాంటా మీదికి
నిడమనూరు ట్రాక్టరొకటి ఎక్కింది.
మిషను దగ్గి దగ్గి చిట్టీని బయటికి ఉమ్మింది.
పైన నెంబరు:
ఏడు కోట్ల ముప్పైతొమ్మిది లక్షల
ముప్పైతొమ్మిది వేల నూట ముప్పైమూడు.

బరువు చూడాల్సినోణ్ణి, నెంబరు చూసిన.
నిద్రాపుకోవడానికి కొందరికి బీడీ,
నాకు భాగహారం.

అంకెలు కూడిన: ముప్పైఎనిమిది.
మూడుతో కొడితే రెండు మిగిలింది.
ఏడుతోనూ రెండే.
పదకొండుతో నాలుగు, పదమూడుతో ఎనిమిది.
ఓహో, మెట్లెక్కుతున్నది,
పదిహేడు దగ్గర పదహారు రావాలె అనుకున్న.
పదమూడొచ్చింది.
మన ముచ్చట తీర్చడానికి అంకెలు నడవవు.

జానయ్య వచ్చి తువ్వాల దులిపిండు,
ఊక నా క్యాలిక్యులేటరు మీద పడ్డది.
హమాలీ ముఠాకు మేస్త్రి. ఐదో తరగతి దాటలేదు,
పంపకంలో పైసా తప్పలేదు.
"ఇదంతా రూపాయలనుకో," అన్న,
"నీ ఇరవైముగ్గురికి పంచు."
ఆయన కండ్లు మూసుకున్నడు, నేను మీటలు నొక్కిన.
"ఇరవయ్యొకటి మిగుల్తయి."
"మిగులుడు కాదది," అన్నడు,
"ఇద్దరికి తక్కువ పడుడు."

ముఠాను పెంచు, తుంచు,
ఎంతమందిని నిలబెట్టినా తగువేనేమో అన్న.
ఒక్కడే మింగాలె, లేదంటే
తలా ఒక్క రూపాయికి
ఏడు కోట్ల పైచిలుకు జనం రావాలె.
"గంతమందికి చాయ్ ఎవడు పోస్తడు?" నవ్విండు.

అనుడైతే అన్న గానీ
రూఢి చేసుకునేసరికి నాలుగు రాత్రులు.
ఎనిమిది వేల ఆరు వందల లోపలి
ప్రధాన సంఖ్యలు, వెయ్యికి పైనే,
ఒక్కొక్కటీ వచ్చి గొళ్లెం కదిపి పోయినయి.
తలుపు తియ్యలేదు.

ఐదో రాత్రి ఊరికే, చిట్టీ నకలు ముందేసుకుని
కుడి చివరి మూడును బొటనవేలితో మూసిన.
మిగిలింది తెగలేదు.
ఇంకో మూడు మూసిన. తెగలేదు.
ఒకటి పోయింది. తొమ్మిది పోయింది.
మూడు, మళ్లీ తొమ్మిది.
వేలు ఎడమకు జరుగుతున్నకొద్దీ
నాకు చెమటలు.
కణుపు కణుపుకూ విరగడానికి
ఇది చెరుకు గడ కాదు.
డెబ్బైమూడు. తెగలేదు.
ఏడు. అదెట్లా తెగదు.

పొడిగించి చూసిన.
చివర ఒకటి పెడితే మూడు వచ్చి తెంపింది,
ఏడు పెట్టినా ఆ మూడే.
మూడూ తొమ్మిదీ పెడితే కొంచెం సతాయించి
అవీ ముక్కలైనయి.
సరి అంకెలనూ, ఐదునూ అడగనే వద్దు.
ఈ గుణమున్న వాటిలో ఇంతకన్న పెద్దది లేదని
తర్వాతెప్పుడో చదివిన.
ఆ రాత్రి మటుకు
నేనే కనిపెట్టిన అనుకున్న.

జానయ్యకు చూపించిన.
వేలు పెట్టి, తీసి, పెట్టి.
చాలాసేపు నా వేలినే చూసి
"మిల్లుకు బెల్టు మిషనొస్తున్నదట," అన్నడు.
"వానకాలం పంట నాటికి
ముఠాల సగం మందిని తీసేస్తరట."

సగం.
ఇరవైముగ్గురిలో.

ఆ లెక్క ఇద్దరమూ చెయ్యలేదు.
కాంటా మీద లారీ ఊగి ఊగి నిలబడ్డది.
చిట్టీ చింపిన.
ఈసారి బరువు చూసిన.