క్రేను పట్టు

మా మీరావలి మాస్టారికి గురువు
ఒంగోలు కర్నూలు రోడ్డులో పాత పేపర్ల కొట్టు.
కిలోల్లెక్కన తూచి ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం.
అట్ట లేదు. పులి పేజీలు చెద తినింది.
బొమ్మల్లో మనుషులకి మొహాలు చెరిగిపోయి
కాళ్ళూ చేతులే మిగిలాయి.
"మొహంతో పనేందిరా, కాలు చూడండి" అనేవాడు.

పగలంతా వైరుసా మిషను కాడ రాయికి నీళ్ళు పట్టి
సాయంత్రం ఆరింటికి, పాలిషింగ్ ఫ్యాక్టరీ వెనకాల
స్లర్రీ ఎండి తెల్లగా పరుచుకున్న నేల మీద
మమ్మల్ని పదకొండు మందిని నిలబెట్టేవాడు.
పడితే దెబ్బ తగలదు. లేస్తే అందరం దయ్యాలమే.
నేనొక్కదాన్నే ఆడపిల్లని,
చున్నీ నడుముకి బిగించి.

గొల్లభామ పట్టు చిల్లచెట్ల కాడ, గొల్లభామని చూసే నేర్చుకున్నాం.
తాగుబోతు శైలి అనే అధ్యాయం వస్తే
పేజీలు గబగబా తిప్పేశాడు.
"దానికి మన క్వారీలో మాస్టర్లు చానామంది ఉండారు,
జీతాల రోజు చూసి నేర్చుకోండి."

ఆ తర్వాతి అధ్యాయం పేరు క్రేన్.

చీమకుర్తిలో పుట్టినోళ్ళకి క్రేనంటే ఏందో
విడమరిచి చెప్పాలా?
ఇరవై టన్నుల నల్లరాతిని గుంతలోనుంచి
ఉయ్యాల్లో బిడ్డని తీసినట్టు తీసేది.
బొమ్మలో మనిషి ఒంటికాలి మీద ఉన్నాడు.
"దానికీ ఒంటికాలే గదా" అన్నాడు మాస్టారు.
చెయ్యి బారుగా చాపి, మణికట్టు కొక్కెంలాగా వంచి,
నడుము మీద నిదానంగా తిరగాలి.
తొందరపడితే గొలుసు తెగుద్ది.
కింద మనుషులుంటారు, చూసుకో.
ఎత్తిందాన్ని విసరమాక, దించు.
ఏడాదిన్నర అదే.
నాకు రెండింతలుండే అంకబాబుని
ఎత్తి, తిప్పి, నేల మీద పెట్టాను.
పెట్టాను. పడెయ్యలా.

రాళ్ళు కొనను వచ్చిన చైనా ఆయన
బ్లాకులు కొలిచి, సుద్దతో గుర్తులేసి,
ఓ సాయంత్రం మా వైపొచ్చి నిలబడ్డాడు.
పేరుకి మాకు నోరు తిరగలా. యాభై ఉంటాయి, బొజ్జ ఉంది.
చూసి చూసి నవ్వాడు, కళ్ళనీళ్ళొచ్చేదాకా.
ప్యాంటు మడిచి, ఒంటికాలి మీద నిలబడి,
అయిదు వేళ్ళూ ముక్కులాగా కూర్చి,
రెండో చేతిని రెక్క చేసి,
క్వారీ గుంతలో నిలిచిన నీళ్ళ వైపు చూపించాడు.
అక్కడ తెల్లగా, ఏమీ ఎరగనట్టు,
కొంగ.

మాస్టారు స్లర్రీలోనే చతికిలబడ్డాడు.
పద్దెనిమిది నెలలు. కొంగని ఇనుము చేశాడు.
మేం నవ్వాలో కూడదో తెలీక
ఒకరి మొహం ఒకరు చూసుకుంటన్నాం.

అప్పుడాయన బూట్లు విప్పి పక్కన పెట్టి
మాస్టారి ముందుకొచ్చాడు.
పిడికిలిని అరచేత్తో మూసి వంగి దండం పెట్టాడు.
చెయ్యి బారుగా చాపాడు.
మణికట్టు తప్పుగా వంచాడు.
మాస్టారు లేచి సరిచేశాడు.

లారీలు కృష్ణపట్నం పోతానే ఉన్నాయి.
సముద్రం అవతల ఏదో ఊళ్ళో, పొద్దున్నే,
ముసలోళ్ళు వరసగా నిలబడి చేతులు చాపి
నిదానంగా తిరుగుతుంటే
అదేం పిట్టని ఎవరన్నా అడిగితే
ఆ బొజ్జాయన ఏం చెప్తాడో.

ఊపిరిని బొడ్డు కింద దాచుకోండి అనే మనిషి,
నూరు అంకెలు బిగబట్టే మనిషి,
ఇప్పుడు తొమ్మిది దగ్గర దగ్గుతాడు.
ఎక్సరే దీపానికి ఎత్తి చూపించారు.
ఊపిరితిత్తుల నిండా చుక్కలు.
మేలురకం గెలాక్సీ రాయి అట్టానే ఉంటది.

ఆస్పత్రి మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి.
చంకల కింద చేతులేసి
ఎత్తి, నడుము మీద తిరిగి, దించుతాను.
చానా తేలిక. కొంగంత.
"మణికట్టు" అంటాడు.
అంతకు మించి ఊపిరి చాలదు.