బూజు

ఆ శనివారం జెస్మండ్ డీన్‌లో
రాలిన ఆకుల కుప్పలోకి వాడు దూకినప్పుడు
ఫొటో తీసింది నేనే.
మోకాళ్ల దాకా ఎర్రటి ఆకులు, మొహమంతా నవ్వు.
లేచిన పొడి ఎండలో మెరుస్తుంటే
వెనక్కెళ్లి మళ్లీ దూకరా అన్నాను.

మూడు వారాలకి స్కాన్‌లో
కుడి ఊపిరితిత్తి పైభాగాన ఉసిరికాయంత మసక.
పేరు ఆస్పర్‌జిల్లస్ అన్నారు.
బూజు, అన్నాను నాలో నేను.

డాక్టర్ హెదరింగ్టన్ కాగితం తుండు మీద గీసి చూపించింది:
వీడి తెల్లకణాలు శత్రువుని పట్టుకుంటాయట, మింగుతాయట,
చంపడం మాత్రం చేతకాదట.
ఆరు వారాలు మందు ఎక్కించాం, అది కదల్లేదు,
పక్కనే పెద్ద రక్తనాళం, ఇక కోసి తీయాల్సిందే అంది.
ఎంత మేర? అన్నాడు శశిభూషణ్,
అద్దింటి గోడకి చెమ్మ ఎంత పట్టిందని అడిగేవాడిలా.
పై తమ్మె మొత్తం.
మిగిలినవి మెల్లగా ఆ చోటులోకి సాగుతాయంది.

నాకు అమ్మమ్మ జాడీ గుర్తొచ్చింది.
ఆవకాయ మీద తెల్లగా కడితే కంగారుపడేది కాదు.
పొడి గరిటెతో పైపైన తీసి పారేసి,
కాచి చల్లార్చిన నూనె పోసి,
కిందిది బంగారం, తినండర్రా అనేది.
తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.
డాక్టరుతో ఈ మాట అనబోయి
ఇంగ్లీషులో దానికి ఆవఘాటు రాదని ఊరుకున్నాను.

గాలిని వడగట్టే గది. రెండు తలుపులు;
ఒకటి మూసుకుంటేగాని రెండోది తెరుచుకోదు.
పూలు తేకూడదు.
"గాలికి కూడా జల్లెడ ఉంటుందా అమ్మా?" అన్నాడు.

నాలుగు గంటలన్నారు, ఆరు పట్టింది.
కింద క్యాంటీన్‌లో
రొట్టె అంచున ఆకుపచ్చ చుక్క ఏమన్నా ఉందేమోనని
దీపం కింద తిప్పి తిప్పి చూసి
తినకుండానే పారేశాను.

ఛాతీ మీద వెలిగే మణి అని
కౌస్తుభ్ అని పేరు పెట్టుకున్నాం.
గాటు మాత్రం వీపున,
రెక్క ఎముక కింద నుంచి చంక దాకా.
పక్కలోంచి గొట్టం, మంచం కింద సీసా.
వాడు దగ్గినప్పుడల్లా నీళ్లలో ఓ బుడగ.
బుడగ రాని రోజు గొట్టం తీసేస్తామంది
రాత్రి డ్యూటీ నర్సు మావిస్.
నాలుగు రాత్రులు
ఆ సీసా ముందు నేలమీద కూర్చున్నాను.

ఐదోనాడు దగ్గాడు. నీళ్లు కదల్లేదు.
ఇంకోసారి దగ్గరా, అన్నాను.

ఇంకా మూలుగ మార్పిడి ఉంది. దాత దొరకాలి.
ఆ ఫొటో ఫోన్‌లోంచి తీసెయ్యమంటాడు శశి.
తీయను.
అప్పుడప్పుడు వేళ్లతో లాగి
ఆ పొడిని పెద్దది చేసి చూస్తుంటాను.
ఎండ తప్ప ఏమీ కనబడదు.