టక్

అక్టోబరు తొమ్మిది. నోల్సోయ్ దీవి.
మూడు రోజులుగా ఆగ్నేయపు గాలి
తలుపు గడియల్ని వేళ్ళతో తడుముతోంది.
చేపల షెడ్డులో షిఫ్టు దిగి,
చేతుల నీచువాసన ఇంకా వదలకముందే
మార్యున్ పెరటిగోడ దగ్గర ఆగాను.
పండి వాలిపోయిన రూబార్బ్ ఆకుల కింద
ఏదో కదిలింది. ఎలుకేమో అనుకున్నాను.
ఎలుకకి తెల్లటి కనుబొమ ఉండదు.

బొటనవేలంత పిట్ట.
మరిగి మరిగి మిగిలిన టీపొడి రంగు.
ఒంటిమీద చుక్క పచ్చదనం లేదు, పసుపు లేదు.
చెట్టే లేని మా దీవిలో
ఉన్నవే గుప్పెడు రకాల పిట్టలు,
వాటి నడక నాకు మేనత్తల నడకలా తెలుసు.
ఇది మావాళ్ళ పిల్ల కాదు.

హ్యాల్‌గ్రిమ్‌కి ఫోన్ చేశాను.
పడవ ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి.
ముప్పయ్యేళ్ళ కింద ఒక మామూలు చిఫ్‌చాఫ్‌ని
సైబీరియా చుట్టమని ఊరంతా చాటి
ఫోటోలు కడిగొచ్చాక తల దించుకున్నాడు.
ఇప్పటికీ రేవులో ఎవరో ఒకరు
“ఈ కాకిది ఏ దేశమోయ్?” అని అడుగుతారు.
అప్పట్నుంచి ఆయన నోట
“అయి ఉండొచ్చు” తప్ప “అవును” రాలేదు,
పెళ్ళాం “కాఫీ కావాలా?” అన్నా సరే.

వచ్చాడు. తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.
“నా కళ్ళని నమ్మను. నువ్వు చెప్పు బైంటా,
కాళ్ళు నల్లగా ఉన్నాయా?”
“లేవు. గోధుమరంగు.”
“అయితే చిఫ్‌చాఫ్ కాదు.”
ఆ మాట దగ్గర గొంతు కాస్త జీరపోయింది.
“ముక్కు?”
“సన్నం.”
“మొద్దుగా లేదూ?”
“లేదంటున్నానుగా.”
“కనుబొమ గీత కంటి ముందు తెలుపా, వెనక తెలుపా?”

దీనికి గంటన్నర పట్టింది.
ఓ ఆకు చాటున తోక, ఇంకో ఆకు చాటున రెక్క,
పిసినారి చిల్లర తీసినట్టు
పిట్ట తనని తాను కొంచెం కొంచెంగా ఇచ్చింది.
ముందు తెలుపు. వెనక లేత తేనెరంగు.
అలా అయితే డస్కీ వార్బ్లర్.
అటుదిటైతే రాడ్డె వార్బ్లర్.
వెంట్రుకవాసి గీత మీద
రెండు జాతులూ, ఒక ముసలాయన పరువూ
కాలు జారకుండా నిలబడి ఉన్నాయి.

“కూస్తే తేలిపోతుంది” అన్నాడు.
“డస్కీది గట్టి టక్, రెండు గులకరాళ్ళు తాకించినట్టు.
రాడ్డెది మెత్తన, నోట్లో దుంప పెట్టుకుని మాట్లాడినట్టు.”
పిట్ట నోరు విప్పలేదు.
వడగళ్ళు పడ్డాయి. విప్పలేదు.
రెండింటి పడవ మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది.

“ఈపాటికి బెంగాల్ రెల్లుదుబ్బుల్లో,
వెచ్చటి బురద పక్కన దోమలు ఏరుకుంటూ ఉండాలి.
దక్షిణానికి దిగాల్సింది పడమరకి తిరిగింది.
లోపలి ముల్లులో ఏదో తప్పు” అన్నాడు.
కాసేపాగి, కాలర్‌లోంచి వడగళ్ళు దులుపుకుంటూ
“తప్పో, మరేమిటో” అన్నాడు.

అప్పుడు గోడెక్కింది మార్యున్ పిల్లి.
పేరు బిషప్పు. నడకా అంతే.
కేకేయబోయాను.
హ్యాల్‌గ్రిమ్ నా మణికట్టు పట్టుకున్నాడు.
ఆ పట్టు నాకు ఇప్పటికీ నచ్చదు.
పిల్లి ఒక కాలు కిందకి దింపింది.
రెండోది.

టక్.

టక్ టక్ టక్.

ఆయన టోపీ గాల్లో ఎగిరి పిల్లి వీపున పడింది.
పిట్ట ఆకుల లోపలికి. పిల్లి గోడ అవతలికి.
మేమిద్దరం ఎందుకో
గుసగుసగానే నవ్వుకున్నాం.

నోటుబుక్కు తీశాడు.
తడి కాగితం మీద పెన్సిల్‌తో పేరు రాశాడు.
పక్కన, చెయ్యి అలవాటు కొద్దీ,
ప్రశ్నార్థకం పెట్టింది.
దాన్ని చూశాడు. చెరపబోయి
పెన్సిల్ చెవి సందున దోపుకున్నాడు.

కిటికీ రెక్క తెరిచి మార్యున్ అరిచింది:
“తేలిందా? ఇక నా బంగాళదుంపలు తవ్వుకోనా?”
“రేపు” అన్నాడు హ్యాల్‌గ్రిమ్.
“ముందా బిషప్పుని లోపల పెట్టు.”