ఏడో కిలోమీటరు దగ్గర

నా నంబరు నూట పద్నాలుగు.
ఇవాళ అది కోటు జేబులో మడతపడి ఉంది.

లార్చ్ చెట్ల మలుపులో
ఒక బల్ల, ఫ్లాస్కులు, గీతల పుస్తకం.
దాటినవాళ్ళ అంకె రాయడం నా పని.
సిరా గడ్డకడుతుందని పెన్సిలిచ్చారు.

నవంబరంతా రోజుకి రెండుసార్లు
ఈ ట్రెంటినో కొండ ఎక్కాను.
నొప్పి మొదట సాక్సు అంచున దురదలా వచ్చింది.
తర్వాత నాణెమంత చోటు అద్దెకడిగింది.
తర్వాత ఇల్లంతా తనదేనంది.
ఫిజియోతో నేను అబద్ధమాడాను,
స్కాన్‌లో ఎముక నిజం చెప్పేసింది:
వెంట్రుకంత గీత.

పరుగెత్తి పాలు తాగడమే ఎరుగుదును.
నిలబడి, అదీ ఒకరికి టీ పోయడం
ఇదే మొదలు.

ముందు ఒట్టావియో.
మంచుజోళ్ళ పళ్ళు గట్టి మంచుని కొరికే చప్పుడు
నా కాలిలోకి పాకింది.
ఇరవై మూడు, రాశాను.
వెనకే జెల్త్రూడె. పోయినేడు నా వెనక.
చూసీ చూడనట్టు వెళ్ళింది.
ఆమె అంకె దగ్గర పెన్సిలు మొన విరిగింది.

చిట్టచివర ఎర్మెలిందా,
జున్ను కొట్టు ఆవిడ, డెబ్బై దాటింది.
ఆగి, టీ ఊదుకుంటూ,
"నాదెన్నో స్థానం?"
"ఆఖరు."
"ఇంకేం, తొందరేముంది!"
రెండో కప్పు పోయించుకుంది.

ఆమె వెళ్ళాక
బూటు పైన బొటనవేలితో నొక్కి చూసుకున్నాను.
ఉంది, ఇంకా.

కిందికి తీసుకెళ్ళే ట్రాక్టరు రాలేదు.
జేబులోంచి నంబరు తీశాను,
వెనకవైపు తెల్లగానే ఉంది.
విరిగిన మొనతోనే రాశాను:
మూడు ఫ్లాస్కులు ఖాళీ,
ఒకటి సగం.