నూకల లెక్క

లారీ తిరిగొచ్చింది,
పొద్దుగూకినంక, సాగర్ రోడ్డుకెల్లి మిర్యాలగూడకు.
టార్పాలిన్ ఒక్క మూలనే విప్పి కట్టినట్టుంది.
గోదాముల ఎవరో ఇనుప బొంగు పొడిచి
గుప్పెడు తీసి చూసిండట,
"తేమ" అని రాసి పంపిండు.
రెండక్షరాలు.
ఐదువందల ఎనభై బస్తాలు.

మట్టయ్య సేటు నన్నేమీ అనలే.
గోడకున్న చార్టు దిక్కు చూసిండు.
పట్నం నుంచి వచ్చిన సారు
ఫీజు తీసుకొని అంటించిపోయిన చార్టు:
గడులు, బాణాలు, మళ్ల గడులు,
ఆఖరి గడిల నవ్వుతున్న కస్టమరు బొమ్మ.
దాని కింద మేకుకు రిజిస్టరు.
గంట గంటకు తేమ రాయాలె, నూక రాయాలె,
రంగు మారిన గింజ రాయాలె, సంతకం పెట్టాలె.

రాసిన. నేనే రాసిన.
పొద్దుగాల తొమ్మిదిది, పదిది, పదకొండుది
అన్నీ సాయంత్రం అయిదింటికి,
ఒకటే పెన్ను, ఒకటే కూసునుడు.
పద్నాలుగు. పద్నాలుగు. పదమూడు పాయింటు తొమ్మిది.
అన్నీ ఒక్కతీరుగుంటే నమ్మరని
నడుమ నడుమ ఒక పాయింటు తగ్గించేటంత
తెలివి కూడా వచ్చింది.
ఆడిట్ల ఆ రిజిస్టరుకే ఎక్కువ మార్కులు పడ్డయి.

మీటరు లేదా అంటే ఉంది.
సెల్లు మార్చి ఏడాది దాటింది.
ఏ గింజ పోసినా పద్నాలుగే అంటది,
ఒక్క మాట నేర్చిన చిలుక లెక్క.

ఈదమ్మ మిల్లుల ఊడుస్తది.
ఊక ఒక కుప్ప, తౌడు ఒక కుప్ప, చిందిన బియ్యం ఒక కుప్ప.
ఇరవై ఏండ్లల్ల ఆమె చీపురు చెయ్యని తప్పు
మా సార్టెక్సు మిషను నెలకోపారి చేస్తది.
మొన్న ఆ లాటు నింపుతాంటే
ఒక గింజ ఏరుకొని కొరికింది.
"పటుక్కుమనలే బిడ్డా, ఇంకా పచ్చిగుంది" అన్నది.
నేను రిజిస్టరు తెరిచి చూపిచ్చిన.
ఆమెకు చదువు రాదు.
నాకొస్తది. గదే వచ్చిన చిక్కు.

ఆ రాత్రి సేటు ఇంటికి పోలే.
లైటు కింద ఎనామిల్ పళ్లెం పెట్టి
తిరిగొచ్చిన బస్తాకెల్లి గుప్పెడు పోసి
చిమటాతోటి ఒక్కొక్కటి జరిపిండు.
ఇటు నిండు గింజ. అటు ముక్క.
"ముప్పావు గింజ ఎటు పెట్టాలె?"
ముప్పై ఏండ్లు మిల్లు నడిపిన మనిషి
మొదటిసారి నన్నొక మాట అడిగిండు.
చూపిచ్చిన. ఇద్దరం లెక్కబెట్టినం,
నడుమ ఒకసారి లెక్క తప్పి మళ్ల మొదలువెట్టినం.
మనిషికి నూకలు చెల్లితే చావు,
మిల్లుకు నూకలు ఎక్కువైతే చావు.
గీ మాట నేను పైకి అనలే.

తెల్లారి చార్టు అక్కడ్నే ఉంది.
సేటు మీటరుకు కొత్త సెల్లు తెచ్చిండు.
రిజిస్టరుల స్కేలు పెట్టి నిలువుగీత కొట్టిండు,
కొంచెం వంకరవోయింది.
కొత్త గడి మీద రాసిండు: ఈదమ్మ.

ఇప్పుడు గంటకోపారి చీపురు పక్కన పెట్టి వస్తది,
డ్రయరు మూతికాడ నాలుగు వడ్లు నలిపి
కొరుకుతది, చెవి కూడా ఇంటున్నట్టు తల వంచుతది.
ఊ అంటే టిక్కు. ఊఁహూఁ అంటే ఇంటూ.
కూలి ఇరవై పెరిగింది.
"నా పన్నుకు ఇరవయ్యేనా?" అని నవ్వింది.
ఎడమ దవడల పన్ను కదులుతుందట.
సేటుకు చెప్పకుమన్నది.

నిన్న మూడింటికి
పదిహేను పాయింటు రెండు.
పక్క గడిల ఇంటూ.
పెన్ను జర ఆగింది.
గీ అంకె రాస్తే డ్రయరు ఇంకో మూడు గంటలు,
ఇంకో బండెడు ఊక మంట,
గేటుకాడ లారీ డ్రైవరు బీడీ మీద బీడీ,
హమాలీలు కాళ్లు చాపి
వాళ్ల బీహారు ముచ్చట మొదలువెడ్తరు,
సేటు ఫోనుల ఎవరికో సముదాయింపు.

రాసిన.
చెమట పడి రెండు అంకె అలుక్కుపోయింది.

నాలుగింటి గడి ఖాళీగుంది.
నాలుగైనంక రాస్త.