గ్లౌజుల సాముద్రికం

డాఫిన్‌లో హాకీ రింకు వెనకాల,
మంచు చదును చేసే బండి నిలిపే కొట్టం పక్కన
ఎనిమిదడుగుల గది నాది.
ఒక కుట్టుమిషను, రెండు ఆరెలు,
తేనెమైనం పట్టించిన దారపుండ, గోడ నిండా మేకులు.
మేకుకో చెయ్యి వేలాడుతూ ఉంటుంది.

నలభై ఏళ్ళుగా ఈ ఊరికి ఒరీసియా అంటే
అరచేతులు మార్చే మనిషి.
గీతలు చూసి జాతకం చెప్పడం నాకు రాదు,
చిరుగులు చూసి చెబుతాను.
కర్ర పైకొసను పట్టే చేతికి
అరచేయి నడిమధ్యన బొక్క పడుతుంది.
కింద పట్టే చేతికి బొటనవేలి మొదట్లో అరుగుతుంది.
రెండూ ఒకేలా అరిగాయా,
ఆ పిల్లాడు ఆడిందానికన్నా
బెంచీ అంచు పట్టుక్కూర్చున్నదే ఎక్కువ.
వాడితో ఆ మాట అనను.
తోలు మాత్రం కాస్త మంచిది వేస్తాను.

కొనేవాళ్ళు అడుగుతారు, ఏవి మంచివని.
రంగు తర్వాత చూడు నాయనా.
తొడుక్కో, కర్ర పట్టుకో, కళ్ళు మూసుకో.
తోలు మధ్యనున్నా కర్ర తెలుస్తోందా?
వేలి చివర గోరంత ఖాళీ, అంతే.
పెరిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్దవి కొనే తల్లీ,
పెరిగేలోగా ఆడాలి కదా ఆ పిల్ల!
మణికట్టు తిరగాలి, గొళ్ళెం తీసినంత సుళువుగా.
అలాగని మోచేతి కాపుకీ గ్లౌజుకీ నడుమ
చర్మం కనబడనివ్వకు.
ఆ సందు ఎక్కడుందో పక్కుకి బాగా తెలుసు.

ఆట అయ్యాక సంచిలో కుక్కొద్దు.
రాత్రంతా మగ్గితే, పొద్దున సంచి విప్పినవాడికి
టిఫిను సహించదు.
హీటరు మీద అసలే వద్దు, అప్పడమైపోతుంది అరచేయి.
వేళ్ళు పైకి, నోరు కిందికి, చల్లగాలికి వదిలెయ్.
తడి తనంతట తనే వెళ్ళాలి.
తరిమితే తోలులోని ప్రాణాన్నీ వెంటబెట్టుకు పోతుంది.

ఒక్క జత నన్ను ఓడించింది.
విల్‌ఫ్రిడ్ షార్‌ట్రాండ్‌ది.
మూడు శీతాకాలాలు ఆడాడు,
అరచేయి చూస్తే నిన్న కొట్లో కొన్నట్టుంది.
"కర్ర పట్టుకోవా ఏం?" అన్నాను.
నవ్వి, రెండు చేతులూ బల్లమీద పెట్టాడు.
మెటికలు ఎన్నో లెక్కకందలేదు.
ఆ గ్లౌజులు ఎప్పుడూ మంచుమీద పడుండేవని
అప్పుడు తెలిసింది నాకు.
వాడి కొలువు పిడికిళ్ళతో.
జనం లేచి నిలబడి ఈలలేసేది అందుకే,
నేనూ వేశాను ఒకటి రెండుసార్లు.
ఏమీ కుట్టకుండానే తిరిగిచ్చేశాను.

ఇరవై రెండేళ్ళకి, మొన్న ఫిబ్రవరిలో,
ఎనిమిదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చాడు.
రోజాన్ తన గ్లౌజులు బల్లమీద పడేసింది.
ఎడమ అరచేతిలో, సరిగ్గా నడిమధ్యన,
కోటు గుండీ అంత బొక్క.
అందులోంచి వేలు బయటికి పెట్టి నాకు ఊపింది.
విల్‌ఫ్రిడ్ దాన్ని దీపం కిందికెత్తి చూశాడు.
"అరగ్గొట్టేసింది" అన్నాడు,
ఇంకెవరైనా వింటున్నారేమోనని గుమ్మంవైపు తిరిగి.

నా వేళ్ళకిప్పుడు వాతం.
ఆరె తోలులో సగం దిగి ఆగిపోతుంది.
ఎవరికీ చెప్పలేదు,
మేకులకు వేలాడేవి మాత్రం పెరిగిపోతున్నాయి.
చూశాడు. ఏమీ అడగలేదు.
జాకెట్టు విప్పి, నా స్టూలు లాక్కుని,
వంకరగా అతుక్కున్న వేళ్ళతోనే
పాత కుట్లు ఒక్కొక్కటీ విప్పాడు.
"ఎంతెంత దూరం?"
"గోధుమ గింజంత.
దగ్గరైతే తోలు చిరుగుతుంది, దూరమైతే నోరు తెరుస్తుంది."
రెండుసార్లు గుచ్చుకుంది. తిట్టాడు.
రోజాన్ తిట్లు లెక్కపెట్టింది. నాలుగంది.

మొదటి వరసలో సగం కుట్లు వంకర.
విప్పించలేదు నేను.
కర్ర పట్టినప్పుడల్లా ఆ పిల్ల అరచేతికి
కాస్త గరుకుగా తగులుతాయవి.
వచ్చే చలికాలానికి అవీ అరిగిపోతాయి.
మంగళవారం ఆరు దాటాక మళ్ళీ వస్తానన్నాడు.
మేకులకింకా పదకొండు జతలున్నాయి.