మనం, మేము

ఆదోని. జిన్నింగు మిల్లు వెనక రేకుల షెడ్డు.
పత్తి నూగు వచ్చి బోర్డు మీద వాలుతాంటే
మునెప్ప సారు తువ్వాలతో తుడిచి
మళ్లీ రాసేవాడు: హీ, హిమ్. షి, హర్.
చేసేవానికొక మాట, పడేవానికొక మాట.
"'నన్ను పిలిచినారు' అనేదానికి
'నేను పిలిచినారు' అంటామేంరా?"

ఉరుకుందుకూ నాకూ ఒకటే గైడు.
నడిమికి చీల్చుకున్నాం.
సర్వనామాలు వాని సగంలో పోయినాయి.
అందుకేనేమో, నేను రాసినా:
సార్ గేవ్ టీ టు ఉరుకుందు అండ్ ఐ.

సారు కొట్టలేదు. కిటుకు చెప్పినాడు:
"పక్కోణ్ణి తీసెయ్. నువ్వొక్కనివే ఉండి చదువు.
తప్పు నాలిక్కే తగులుతాది."

తీసేసినా. గేవ్ టీ టు ఐ. తగిలింది.
'ఐ' పోయి 'మీ' వచ్చింది.
నన్ను అనాలన్నా మీ అనాలంట,
మనకు మీ అంటే అవతలోళ్లది గదప్పా అని
ఉరుకుందు బెంచీ మీంచి పడేంత నవ్వినాడు.

కానిస్టేబుల్ లిస్టులో వాని నంబరుంది.
నాది రెండు మార్కులకు పోయింది.
ఇప్పుడు నేను రాసేవన్నీ కరెక్టే.
తీసేయడానికి పక్కన ఎవరూ లేరు.

నిన్న రాత్రి ట్రైనింగు నుంచి ఫోన్ చేసినాడు.
వెనక ఎవరెవరివో నవ్వులు, స్టీలు ప్లేట్ల చప్పుడు.
"మేం బాగుండాం రా," అన్నాడు.

మేం.

ఇంగ్లీషులో చెప్పింటే
'వి' అని ఊరుకునేవాడు.
ఆ రెండక్షరాల్లో నేనుండానో లేనో
నాకు తెలిసేది కాదు.